ఒక్క గొంతు

ఇమ్తియాజ్ కువైట్ నుంచి వచ్చేటప్పుడు అందరూ తెచ్చేవే తెచ్చాడు. దుప్పట్లు, సెంటు సీసాలు, పిల్లలకు చాక్లెట్లు. వాటితో పాటు ఫోర్‌మన్ బుద్ధి కూడా తెచ్చుకున్నాడు. దుప్పట్లు చుట్టాలకు పంచిపెట్టాడు. బుద్ధి మాత్రం దగ్గరే ఉంచుకుని, దాన్ని ఎవరి మీద వాడాలా అని ప్రొద్దుటూరంతా తిరిగాడు. ఇంట్లో పెళ్లాం ఆర్షియా ఒక్కతే దొరికింది. ఒక మనిషి ఏ మూలకు చాలుతుంది? బండలాగుడు టీం పెట్టాడు.

మా వైపు తిరునాళ్లకు, ఉరుసులకు ఎద్దుల జత చేత పెద్ద రాతిబండ లాగిస్తారు. ఇచ్చిన గడువులో ఎక్కువ దూరం లాగిన జత గెలిచినట్టు. రెండు ఎద్దులూ ఒకరివే కానక్కరలేదు. నీదొకటి, నాదొకటి కలిపి కాడి కట్టడం ఉంది. దాన్ని కంబైండ్ అంటారు. ఇమ్తియాజ్ దగ్గర ఒక్క ఎద్దే ఉంది. దానికి సరిజోడు నా కొట్టంలో ఉంది. అందుకని వచ్చాడు. లేకుంటే నా గడప తొక్కే మనిషి కాడు.

నా ఎద్దు పేరు చిన్నోడు. పుట్టిన కొద్దిరోజులకే తల్లి చచ్చిపోతే నా భార్య రహమత్‌బీ సీసాపాలు తాపి బతికించింది. అది మనిషి ఎత్తు పెరిగాక కూడా ఆమె పగ్గం పట్టి లాగింది లేదు. కొట్టం గడప దగ్గర నిలబడి "దా చిన్నోడా, దా" అనేది. ఎక్కడున్నా తల ఎత్తి వచ్చేది. ఆమె పోయాక ఆ మాట నేను అన్నా వచ్చేది. నన్ను చూసి కాదు, మాట ఆమెది కాబట్టి. అయితే పొద్దున్నే ఆమె కుడితి పెట్టే వేళకు అరవడం మొదలుపెట్టింది. ఆ అరుపు నేను వినలేకపోయాను. ఇమ్తియాజ్ వచ్చిన పొద్దున కూడా అరుస్తోంది.

"ఊరికే కట్టేసి పెట్టినావు మామా. నాకియ్యి. ఒక్క సీజన్ చాలు. నీ ఎద్దు పేరు జిల్లా అంతా మోగిపోతాది" అన్నాడు.

"దానికి పేరుండాది లే. మళ్లా ఎప్పుడు తోలుకొస్తావు?"

"జమ్మలమడుగు పందెం, ఆ మీద పులివెందుల. పులివెందుల అయిపోయిన మరుసనాడు నీ కొట్టంలో ఉంటాది."

"మాటేనా?"

"మాటే. కాకపోతే ఒకటి. పులివెందులలో ఫస్ట్ కొడితే ఇంకో ఏడు నా దగ్గరే ఉండాల. గెలిచిన జతను విడదీస్తే ఊరు మొగాన ఉమ్మేస్తాది."

ఒప్పుకున్నాను. అంత నోరున్నవాడు దేంట్లోనూ ఫస్టు రావడం నేను చూడలేదు.

జమ్మలమడుగు దారిలో ఒక ఖాళీ స్థలం తీసుకుని రేకుల కొట్టం వేశాడు. టీంలో ఆర్షియా తమ్ముడు నయీం ఒకడు. చర్నాకోల పట్టడానికి కృపావరం. ఎన్నో జతలతో పరుగెత్తినవాడు, కోల గాలిలో మోగిస్తాడే గాని గొడ్డు మీద దెబ్బ పడనీయడు. నేను నా ఎద్దు మంచిచెడ్డ చూసుకోవడానికి పోయేవాణ్ణి. అందరికీ బనియన్లు కుట్టించాడు. రొమ్ము మీద ఇమ్తియాజ్ ఫొటో, దాని కింద ఎద్దులు. ఎద్దులు వేలెడంత ఉన్నాయి. బండ అసలు లేదు.

ఫోన్లో గ్రూపు పెట్టాడు. అందులో తాను తప్ప ఎవరూ మాట్లాడే వీలు లేకుండా చేశాడు. పొద్దు పొడిచింది మొదలు గొంతు మెసేజులు పంపేవాడు. ఎదురుగా నిలబడినవాడికి కూడా గ్రూపులోనే చెప్పేవాడు.

ఒకరోజు నయీం ఉలవలు కాస్త ముందుగా నానబెట్టాడు. ఇమ్తియాజ్ ఆ నీళ్లు పారబోసి, ఉలవలు పెంటకుప్పలో పడేయించి, వేరే ఉలవలు తానే నానబెట్టాడు. అవి నానలేదు. ఎద్దులు మూతి తిప్పుకున్నాయి. ఎందుకు తినలేదని నయీంను తిట్టాడు.

"నువ్వే కద బావా నానబెట్టింది" అన్నాడు నయీం.

"నాతో ఆ పని జేపిచ్చింది ఎవురు?"

 

తరువాతి వారం అందరినీ నిలబెట్టి మీటింగ్ పెట్టాడు. "ఈ పొద్దు నుంచి ఎద్దుల ముందర ఎవురూ నోరు తెరవకూడదు. వాటికి ఒక్క గొంతే తెలియాల. నా గొంతు" అన్నాడు.

కృపావరం తల గోక్కున్నాడు. "అన్నా, బరిలో నలుగురమూ అరుస్తాం. యాడైనా అదే కదా పద్ధతి. మా గొంతులు గూడ తెలిసి ఉంటే మేలు. ఆ పొద్దు నీకు జలుబు జేసిందనుకో."

"నాకు జలుబు చేయదు."

"మనిషివే కదన్నా."

"రెండు గొంతులు వింటే ఎద్దు రెండు పక్కలకు పోతాది కృపావరం. కువైట్లో అంతమందిని నడిపిచ్చినా నేను. ఒకడు మాట్లాడాల, మిగతావోళ్లు పని చేయాల. అంతే."

"ఆ బిల్డింగ్ ఏమైంది బావా?" అన్నాడు నయీం.

"ఏ బిల్డింగ్?"

"నువ్వు నడిపిచ్చింది."

"సగంలో నిలిచింది. అది కంపెనీ తప్పు."

కృపావరం చర్నాకోల తాడు సరిచేసుకుంటూ అటు తిరిగాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని నాకు తెలిసింది.

ఒక్క గొంతు నేర్పే పద్ధతి ఇది. కృపావరాన్నో నయీంనో ఎద్దులను పిలవమనేవాడు. ఆ పిలుపుకు ఎద్దు కదిలితే ముట్టె మీద కోలతో ఒకటి వేసేవాడు. కదలకుండా నిలబడితే బెల్లం ముక్క పెట్టేవాడు. ఆ తరువాత తాను "హై కింగ్, హై టైగర్" అని కేకవేసేవాడు. కదిలితే మళ్లీ బెల్లం. కింగ్ అతని ఎద్దు. టైగర్ అంటే నా చిన్నోడు. ఎద్దుకు పులి పేరు పెట్టిన మనిషితో పేరు సంగతి మాట్లాడి ఏం లాభమని ఊరుకున్నాను.

"ఇప్పుడు నువ్వు పిలువు మామా" అన్నాడు నన్ను.

"నేను పిలవను."

"పిలిస్తేనే కదా తెలిసేది."

"నా గొడ్డును నేను పిలిచి నీ చేత కొట్టిచ్చాల్నా?"

ఇమ్తియాజ్ నా మొహం చూసి, నయీం వైపు తిరిగి, "నువ్వు పిలువు. రహమత్‌బీ అత్త పిలిచేది కదా, అట్ల" అన్నాడు. నయీం నా వైపు చూశాడు. బావ వైపు చూశాడు. చివరికి నేల చూస్తూ "దా చిన్నోడా, దా" అన్నాడు.

చిన్నోడు తల ఎత్తి అడుగు వేసింది. కోల ముట్టె మీద పడింది.

నేను పోయి కోల పట్టుకున్నాను. "ఇమ్తియాజ్, వేరే ఏమన్నా నేర్పుకో. ఆ మాట జోలికి పోవద్దు."

"దాని జోలికే మామా ముఖ్యంగా పోవాల్సింది. బరి పక్కన జనంలో ఎవురన్నా 'దా' అన్నారనుకో, అటు తిరుగుతాది. నువ్వు పాతకాలం మనిషివి, నీకు తెలీదు."

"విప్పు. తోలుకుపోతా."

"పులివెందుల దాకా అని మాటిచ్చినావు కదా. నా మాటైతే నేను తప్పను. నువ్వు తప్పుతావా?"

నేను కోల వదిలేశాను. మాట తప్పే అలవాటు నాకు లేదు. ఆ అలవాటు లేనివాళ్లను వెతికి పట్టుకోవడంలో ఇలాంటివాళ్లు మొనగాళ్లు.

ఆ తరువాత కొన్నాళ్లు నేను పోలేదు. మళ్లీ పోయిన రోజు ఇమ్తియాజ్ గేటు దాకా ఎదురొచ్చాడు. "ఇప్పుడు ఎవురు పిలిచినా తల గూడ ఎత్తదు మామా" అన్నాడు, పిల్లకు సంబంధం కుదిరినట్టు సంతోషంగా.

జమ్మలమడుగు పందెంలో మా జత రెండోది వచ్చింది. మొదటిది రావాల్సింది. ఎద్దులు బండను గుంజుకుని పోతుంటే, కృపావరం నిలబడిన చోటు నచ్చక ఇమ్తియాజ్ జతను ఆపాడు. పోయి అతన్ని భుజాలు పట్టి రెండడుగులు పక్కకు జరిపి, మళ్లీ వచ్చి కేక వేశాడు. ఆగిన బండను తిరిగి కదిలించడం ఎంత కష్టమో అక్కడున్న చిన్న పిల్లలకు కూడా తెలుసు.

తిరిగి వచ్చే ముందు లారీ నీడలో మీటింగ్.

"మీ వల్ల పోయింది."

"ఆపింది నువ్వే కదన్నా" అన్నాడు కృపావరం.

"ఆపాల్సి వచ్చేట్ల నిలబడింది ఎవురు?"

"అయితే పులివెందులలో నేను యాడ నిలబడాలో ఇప్పుడే చెప్పు. గీత గీసి పెట్టుకుంటా."

ఎకసెక్కానికి అన్నాడు. ఇమ్తియాజ్ నిజంగానే కాగితం మీద బరి బొమ్మ గీసి, ఎవరెక్కడ నిలబడాలో చుక్కలు పెట్టి గ్రూపులో పంపాడు. దానికి వివరంగా గొంతు మెసేజులు. అవి విని ఉంటే మాకు వేరే పని ఉండేది కాదు. మేము వినలేదు. అతను మాత్రం మాట్లాడుతూనే ఉన్నాడు.

పులివెందుల పందెం దగ్గర పడేటప్పటికి ఇమ్తియాజ్ గొంతు చిల్లుపడిన డప్పు మాదిరి తయారైంది. ఆర్షియా మిరియాల పాలు కాచి పంపితే, పాలు వేడి చాలలేదని చెప్పడానికి ఇంటికి ఫోన్ చేశాడు.

"నిద్రలో గూడ ఉలవలు కొలుస్తాండాడు మామా" అన్నది ఆర్షియా నాతో. "గెలిస్తే ఏమన్నా తగ్గుతాదా?"

"గెలిస్తే ఎక్కువైతాదమ్మా."

"అట్లయితే ఓడిపోనీ" అని లోపలికి పోయింది.

పందెం రోజు తెల్లవారుతూనే ఎద్దులను లారీ ఎక్కించాం. ఇమ్తియాజ్ ముందు సీటులో కూర్చోలేదు. వెనక ఎద్దుల పక్కన నిలబడి, క్యాబిన్ మీద చేత్తో కొడుతూ డ్రైవర్‌కు దారి పొడవునా పాఠం చెప్పాడు. గేరు మార్చమనీ, గుంత ఉందనీ, బస్సుకు దారి ఇవ్వొద్దనీ. ఆ డ్రైవర్ ఏళ్ల తరబడి ఆ దారిలోనే తిరిగేవాడు. ఎర్రగుంట్ల దగ్గర సిమెంట్ లారీల వెనక ఇరుక్కున్నాం. దుమ్ము లేచింది. మేమంతా టవల్ మూతికి కట్టుకున్నాం. ఇమ్తియాజ్ కట్టుకోలేదు. కట్టుకుంటే అరవడం కుదరదు కదా.

ముద్దనూరు దాటాక కృపావరం గొంతు బిళ్ల ఇచ్చాడు. "చప్పరించన్నా. కొంచేపు గమ్మునుండు."

"నాకేం కా..." అన్నాడు ఇమ్తియాజ్. మిగతా మాట రాలేదు.

పులివెందులలో దిగాక ఆ మిగిలిన గొంతు కూడా దాచుకోలేదు. బండకు కట్టిన గొలుసు పొడవు సరిగా లేదని కమిటీ వాళ్లతో తగువు పెట్టుకున్నాడు. వాళ్లు కొలిచి చూపించారు. కొలత టేపు సరైందో కాదో చూడాలన్నాడు. కమిటీ పెద్దమనిషి విసుగుతో, "నువ్వు లాగడానికి వచ్చినావా, సర్వే చేయడానికి వచ్చినావా అప్పా?" అన్నాడు.

మా వంతు వచ్చింది. మైకులో ప్రొద్దుటూరు ఇమ్తియాజ్ గారి జత అన్నారు. కంబైండ్ కాబట్టి నా పేరు కూడా రావాలి. రాలేదు. ఎవరు రానివ్వలేదో నాకు తెలుసు కాబట్టి అడగలేదు.

జెండా ఊపారు. "హై కింగ్, హై టైగర్." గొంతు చీలినా కేక వచ్చింది. ఎద్దులు మోకాళ్లు వంచి, మెడలు దించి గుంజాయి. బండ కింద మట్టి లేచింది. నేను గీత బయట నిలబడ్డాను. చిన్నోడు మెడ నరాలు పగ్గాల మాదిరి ఉబ్బాయి. ఆ చివర మలుపు తిరిగి, ఇటు చివరకు వచ్చి, మళ్లీ తిరిగాయి. మైకులో మనిషి గొంతు పెంచాడు. ఇంతవరకు లాగిన జతలన్నిటికంటే ముందున్నాయని చెప్పాడు. జనం ఈలలు వేశారు. ఇంకో ఏడు అనుకున్నాను. ఇంకో ఏడు నా కొట్టం ఖాళీ.

మలుపు తిరిగాక ఇమ్తియాజ్ నోరు తెరిచాడు. గాలి వచ్చింది. కేక రాలేదు.

మళ్లీ తెరిచాడు. మెడ మీద నరాలు లేచాయి, కళ్లు ఎర్రబడ్డాయి. చప్పుడు లేదు. ఎద్దులు నాలుగడుగులు వేసి నిలిచిపోయాయి.

కృపావరం కేక వేశాడు. నయీం కేక వేశాడు. ఎద్దులు చెవులు వెనక్కి వంచి, కాళ్లు నేలకు తన్ని పెట్టి నిలబడ్డాయి. వాటికి నేర్పింది అదే కదా. వేరే గొంతు వినపడితే కదలకూడదు. వీళ్లు ఎంత అరిస్తే అవి అంత గట్టిగా నిలబడ్డాయి. అంత బాగా నేర్చుకున్న గొడ్లను నేనెక్కడా చూడలేదు. ఇమ్తియాజ్ చేతులు ఊపాడు, చరిచాడు, నేల మీద ఎగిరాడు. దూరం నుంచి చూసేవాళ్లకు చీమలు కుట్టినట్టు ఉంది.

"ఏందప్పా, ఎద్దులు మీటింగ్ పెట్టుకున్యాయా?" అని జనంలో ఎవడో అరిచాడు.

"తీర్మానం అయితాంది, ఉండండి" అన్నాడు ఇంకొకడు.

గడువు కరిగిపోతోంది. అప్పుడు నయీంకు తెలివి వచ్చింది. జేబులోంచి ఫోన్ తీసి, గ్రూపు తెరిచి, బావ గొంతు మెసేజ్ ఒకటి నొక్కి, సౌండ్ మొత్తం పెంచి ఎద్దుల చెవుల పక్కన పట్టుకున్నాడు.

"ఎన్నిసార్లు చెప్పాల నీకు? ఎద్దుల ముందర ఎవురూ నోరు తెరవకూడదు. ఈడ ఒక్కడే మాట్లాడాల..."

ఎద్దుల తలలు లేచాయి. తిట్లో కేకలో వాటికెందుకు? గొంతు అదే. మెడలు దించి ఒక్క గుంజు గుంజాయి. బండ కదిలింది. జనం లేచి నిలబడ్డారు. నయీం సంతోషం పట్టలేక ఫోన్ పైకెత్తి పరుగు తీశాడు. అయితే వాడు కుడిపక్కన ఉన్నాడు. ఎద్దులు గొంతు ఎటుపోతే అటు తిరిగాయి. అంత పెద్ద జత తన మీదికి వచ్చేసరికి నయీంకు భయం పట్టుకుంది. ఇంకా కుడికి పరుగెత్తాడు. అవి ఇంకా కుడికి తిరిగాయి. ఇమ్తియాజ్ ఎదురుగా పోయి, ఫోన్ కట్టెయ్యమని చేతులతో మొత్తుకున్నాడు. జీవితంలో మొదటిసారి తాను నోరు మూసుకోవాలని అతనికి తోచింది. కానీ ఆ నోరు నయీం చేతిలో ఉంది.

జత సున్నపు గీత దాటింది. బండ కూడా దాటింది.

"గీత దాటినారు. ప్రొద్దుటూరు జత అవుట్" అన్నారు మైకులో. ఫోన్ ఇంకా ఆగలేదు. "ఒక్క మనిషి తప్పు చేస్తే టీం అంతా పోతాది, గుర్తు పెట్టుకోండి" అంటోంది.

మైకు మనిషి కాసేపు విని, "ఆ మాట్లాడే అప్పను గూడ బరి బయటికి పంపండి" అన్నాడు. మైదానమంతా నవ్వింది.

లారీ దగ్గర మీటింగ్ పెట్టడానికి గొంతు లేదు కాబట్టి ఇమ్తియాజ్ టైపు చేశాడు. కుడిపక్క పరుగెత్తమని ఎవడు చెప్పాడని. కృపావరం ఆ మెసేజ్ చదివి, బనియన్ విప్పి, మడిచి, ఇమ్తియాజ్ చేతిలో పెట్టాడు.

"నేను బస్సుకు పోతా అన్నా. డ్రైవర్‌కు దావ నువ్వే చూపియ్యి."

 గ్రూపులో మాట్లాడడానికి బావ అనుమతి కావాలి గాని, గ్రూపు వదిలిపోవడానికి అక్కరలేదట. ఆ సంగతి నయీం అక్కడే కనుక్కున్నాడు.

మరునాడు చిన్నోడు నా కొట్టానికి వచ్చింది. ఇమ్తియాజ్ మాట నిలబెట్టుకున్నాడు. ఓడిపోయాడు కాబట్టి నిలబెట్టుకున్నాడు. నేను కుడితి కలిపి, గడప దగ్గర నిలబడి, "దా చిన్నోడా, దా" అన్నాను.

రాలేదు. ముట్టె మీద చర్మం అదిరింది. కళ్లు మూసుకుని, మొహం పక్కకు తిప్పి, దెబ్బ కోసం కాచుకుని నిలబడింది.

మళ్లీ అనలేదు. రెండోసారి అంటే నేనూ ఇమ్తియాజ్ ఒకటే. కుడితి దాని దగ్గరికే మోసుకుపోయాను. పొద్దున ఆ వేళకు అరవడం కూడా మానేసింది. అప్పట్లో నేను వినలేకపోయిన అరుపు అది. ఇప్పుడు ఆ వేళకు మెలకువ వచ్చి, చెవులు రిక్కించుకుని పడుకుంటున్నాను. కొట్టంలో చప్పుడు ఉండదు.

కొన్నాళ్లకు ఇమ్తియాజ్ వచ్చాడు. మెడకు మఫ్లర్ చుట్టుకుని ఉన్నాడు. గొంతు తిరిగి వచ్చింది. వీధిలో మోటార్ సైకిల్ ఆపి "మామా" అని పిలిచాడు.

లోపల చిన్నోడు పడుకున్నది లేచింది. పగ్గం బిగిసేదాకా ముందుకు వచ్చి, చెవులు నిక్కించి, వీధి వైపు చూసింది.

"చూసినావా మామా?" అన్నాడు. మొహం వెలిగిపోయింది. "నా ట్రైనింగ్ అది. మళ్లా నీ గొంతు అలవాటు కావాలంటే నేను చెప్పినట్ల చేయాల. రోజూ పొద్దున నేనొచ్చి..."

"గమ్మునుండు."

"నీ మంచికే చెప్తాండా."

"రహమత్‌బీ ఈ ఇంట్లో ఆ ఒక్క మాట విడిచిపోయింది. దాన్ని గూడ కొట్టి తరిమినావు. ఇంక నీ గొంతు ఈ వీధిలో వినపడకూడదు. పో."

అతను బండి తిప్పాడు. పోతాడనుకున్నాను. వీధి మలుపు దాకా పోయి, ఆగి, తల వెనక్కి తిప్పి అరిచాడు.

"నీళ్ల బక్కెట్టు కుడిపక్క పెట్టు మామా. ఎడమపక్క పెడితే తాగదు. అట్ల నేర్పిచ్చినా."

బక్కెట్టు నింపి చిన్నోడికి ఎడమపక్క పెట్టాను. అది చూడలేదు. కుడిపక్క ఖాళీ నేల వాసన చూసి, అటే తల వంచి నిలబడింది. నేను బక్కెట్టు పక్కన కూర్చున్నాను. పిలవలేదు, దువ్వలేదు, పగ్గం ముట్టుకోలేదు. ఎండ గోడ ఎక్కింది. గోడ దిగిపోయింది. అప్పుడు మెడ చాచి, నా మోకాలు వాసన చూసి, బక్కెట్టులో మూతి పెట్టి అడుగు దాకా తాగింది.

దప్పిక కూడా తానే నేర్పానని ఇమ్తియాజ్ అనుకున్నాడు కాబోలు.